సోయి, షవూర్, చేతన

1917లో హైదరాబాదు ప్రభుత్వం ఒక విచిత్రమైన ఆఫీసు తెరిచింది. దాని పేరు దారుల్ తర్జుమా, అంటే అనువాదశాల. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం కాగితాల మీదే ఉంది. విద్యార్థులు లేరు, తరగతులు లేవు, సొంత భవనం లేదు. చదువు చెప్పాలంటే పుస్తకాలు కావాలి, అవి ఉర్దూలో కావాలి, ఉర్దూలో రాయాలంటే ముందు మాటలు కావాలి. అందుకని మాటలు తయారుచేసే ఆఫీసే ముందు మొదలైంది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి పెద్ద. రసాయన శాస్త్రం, చరిత్ర, న్యాయశాస్త్రం, తర్కం అన్నిటితో పాటు మనసు గురించిన శాస్త్రానికి కూడా అక్కడ మాటలు వెతకవలసి వచ్చింది.

నేను పాతబస్తీలో పెరిగాను. బి.ఏ.లో సైకాలజీ ఇంగ్లీషులో చదివాను. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, క్లాసులో ఇంగ్లీషు. మూడేళ్ళు చదివాక కూడా, నేర్చుకున్న ఒక్క పాఠాన్నైనా మా అమ్మకి గానీ పక్కింటి ఖాలాకి గానీ వాళ్ళ మాటల్లో చెప్పడం కష్టంగా ఉండేది. ఇది ఈ కాలపు చిక్కు, ఇంగ్లీషు మీడియం చిక్కు అనుకునేవాణ్ణి. దారుల్ తర్జుమా చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఈ ఊళ్ళో మనస్తత్వశాస్త్రం ఎంత పాతదో ఈ చిక్కూ అంత పాతదని.

అప్పటికి ఈ శాస్త్రం వయసెంత? జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ తన ప్రయోగశాల పెట్టింది 1879లో. అమెరికాలో విలియం జేమ్స్ పెద్ద గ్రంథం అచ్చయింది 1890లో. మన దేశంలో తొలి మనస్తత్వశాస్త్ర శాఖ కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో మొదలైంది, హార్వర్డ్‌లో చదివొచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో. మైసూరులో రెండో శాఖ 1924లో. అంటే హైదరాబాదులో మాటల వేట మొదలయ్యేసరికి శాస్త్రానికే నలభై ఏళ్ళు నిండలేదు. యూరపులో కూడా దాని పదజాలం ఇంకా గట్టిపడలేదు. చాలా విశ్వవిద్యాలయాల్లో అది తత్వశాస్త్రం పక్కన, తర్కం, నీతిశాస్త్రాల మధ్య ఒక భాగంగానే ఉండేది.

కలకత్తా, మైసూరు బోధన ఇంగ్లీషులో. హైదరాబాదు ఎంచుకున్న దారి వేరు. అక్బర్ హైదరీ 1917లో నిజాముకి పెట్టిన విన్నపంలో ఉర్దూలోనే ఉన్నత విద్య ఉండాలనీ, ఇంగ్లీషు ఒక తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంటే చాలనీ ప్రతిపాదించాడు. నిజాం ఒప్పుకున్నాడు. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ దగ్గరి అద్దె భవనాల్లో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులతో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. ఇవాళ మనం ఉస్మానియా అనగానే తలచుకునే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 నాటిది. ఈ కథ మొదలైంది అక్కడ కాదు, మూసీకి దగ్గర్లోని బజార్ల పక్కన.

తత్వశాస్త్రం, మనస్తత్వం పుస్తకాల కోసం దారుల్ తర్జుమా పిలిచినవాళ్ళలో అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ ఒకరు. అప్పుడాయనకి పాతికేళ్ళు. లక్నోలో బి.ఏ. చేశాడు. మిల్, స్పెన్సర్ వగైరాలను చదివి మతాన్ని పక్కన పెట్టేసిన కాలం అది. తర్వాత ఆయన మళ్ళీ మతంలోకి వచ్చి ఖురానుకి వ్యాఖ్యానం రాసి ప్రసిద్ధుడయ్యాడు గనక ఈ తొలి జీవితం చాలామందికి గుర్తులేదు. హైదరాబాదు రాకముందే ఆయన ఉర్దూలో ఉద్వేగాల మీద 'ఫల్సఫా-ఎ-జజ్బాత్' అనే పుస్తకం, ఇంగ్లీషులో నాయకత్వపు మనస్తత్వం మీద మరో పుస్తకం రాశాడు. హైదరాబాదు ఆయనకి పడలేదు, కొద్దికాలానికే ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆయన చేసిన ఒక తగాదా మాత్రం మనకి కావాలి. 1913లో, కలకత్తా నుంచి మౌలానా అబుల్ కలాం ఆజాద్ నడిపే 'అల్ హిలాల్' పత్రికలో జరిగింది. విషయం రెండు మాటలు: సుఖం, బాధ. మనస్తత్వశాస్త్రంలో ఇవి పునాది మాటలు. దర్యాబాదీ వీటికి 'హజ్జ్, కర్బ్' అని వాడాడు. ఆజాద్ ఒప్పుకోలేదు, 'లజ్జత్, అలమ్' అనాలన్నాడు. ఆజాద్ వాదన నిఘంటువుది. అరబ్బీలో హజ్జ్ అంటే వాటా, భాగ్యం, అది సుఖం ఎలా అవుతుంది? దర్యాబాదీ వాదన వాడుకది. అరబ్బీలో ఏమైనా కావచ్చు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు దాన్ని ఆనందమనే అర్థంలోనే వాడుతున్నారు, మనం రాస్తున్నది ఉర్దూ.

చూడ్డానికి పండితుల కీచులాటలా ఉంటుంది. మళ్ళీ ఆలోచిస్తే, ఒక శాస్త్రం కొత్త భాషలోకి వచ్చేటప్పుడు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న ఇదే. మాటకి అర్థం ఎవరు చెప్పాలి? ఆ మాట పుట్టిన పాత భాషా, లేక ఇప్పుడు దాన్ని పలుకుతున్న మనుషులా? భౌతికశాస్త్రంలో ఈ ప్రశ్నకి ఎలా జవాబు చెప్పినా పెద్ద నష్టం లేదు. విద్యుత్తుకి ఏ పేరు పెట్టినా తీగలో అది పారుతుంది. మనసు సంగతి అలా కాదు. ఇక్కడ శాస్త్రం పరిశీలించే వస్తువే మాట్లాడుతుంది. తన బాధకి తనే పేరు పెట్టుకుని మన ముందుకు వస్తుంది.

దారుల్ తర్జుమాలో పరిభాష కోసం సంఘాలు కూర్చునేవి. అక్కడా రెండు పక్షాలు. అరబ్బీ, ఫారసీ ధాతువుల నుంచే మాటలు తీయాలని ఒక పక్షం. రెండో పక్షానికి గొంతు వహీదుద్దీన్ సలీం. 1921లో 'వజ్-ఎ-ఇస్తిలాహాత్' అని పరిభాష తయారీ మీద ఒక పుస్తకమే రాశాడు. ఉర్దూ ఆర్యభాషా కుటుంబానిది, కాబట్టి సమాసాలు, ఉపసర్గలు, ప్రత్యయాలతో దేశీయంగా మాటలు అల్లుకోవచ్చని ఆయన వాదం. కానీ మనస్తత్వశాస్త్రం వరకు గెలిచింది మొదటి పక్షమే. శాస్త్రానికి నఫ్సియాత్, చేతనకి షవూర్, జ్ఞాపకానికి హాఫిజా, ప్రత్యక్షానికి ఇద్రాక్, సహజాతానికి జిబిల్లత్, అవధానానికి తవజ్జో, వ్యక్తిత్వానికి షఖ్సియత్. అన్నీ అరబ్బీ నుంచి వచ్చినవే.

ఇవి ఓడిపోయిన మాటలనుకోకండి. నఫ్సియాత్, షఖ్సియత్ ఇవాళ ఉర్దూ దినపత్రికల్లో మామూలు మాటలు. ఉస్మానియాలో మొదట్నుంచీ తత్వశాస్త్రం చెప్పిన ఖలీఫా అబ్దుల్ హకీం, దేశ విభజన తర్వాత లాహోరులో విలియం జేమ్స్ మతానుభవాల పుస్తకాన్ని ఉర్దూలోకి తెచ్చినప్పుడు పేరులో నఫ్సియాత్ అనే వాడాడు. జపానులో కూడా ఇలాగే జరిగింది. నిషి అమానే అనే పండితుడు 1870ల్లో ఒక అమెరికన్ పాఠ్యపుస్తకాన్ని అనువదిస్తూ చైనా అక్షరాలతో 'షిన్‌రిగాకు' అనే మాట కూర్చాడు. ఇప్పటికీ జపాను విద్యార్థి మనస్తత్వశాస్త్రాన్ని ఆ పేరుతోనే చదువుతాడు. కొత్త మాట నిలబడాలంటే దాన్ని తరతరాలు తరగతి గదిలో వాడాలి. జపానుకి ఆ అవకాశం దొరికింది. హైదరాబాదుకి ముప్ఫై ఏళ్ళు దొరికింది.

ఆ ముప్ఫై ఏళ్ళలో తెలుగు విద్యార్థి పరిస్థితి ఏమిటి? నిజాం రాజ్యంలో జనాభాలో దాదాపు సగం తెలుగువాళ్ళు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్ళు ఇంచుమించు పదోవంతు. వలస పాలకుల భాష కాకుండా దేశభాషలో విశ్వవిద్యాలయం అని మిగతా దేశం మెచ్చుకున్న ఆ చదువు, వరంగల్ నుంచో నల్లగొండ నుంచో వచ్చిన కుర్రాడికి మరో పరాయి భాష. సలీం పుస్తకం వచ్చిన 1921లోనే నవంబరులో, ఇదే ఊళ్ళో వివేకవర్ధిని హాలులో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి ఆపేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఒక భాషకి శాస్త్ర పరిభాష అమరుతున్న ఏడాదే, పక్క భాషకి సభలో నోరు తెరిచే హక్కు కూడా లేకపోయింది. హైదరాబాదు విద్యా చరిత్ర రాసేటప్పుడు ఈ రెండు సంగతుల్నీ ఒకే పేజీలో పెట్టాలి. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే అబద్ధమవుతుంది.

నిజానికి తెలుగులో శాస్త్రాలు చెప్పాలన్న ప్రయత్నం ఈ ఊళ్ళోనే అంతకు పదేళ్ళ ముందే మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టింది 1906లో, హైదరాబాదులోనే. రెండేళ్ళకి అది మద్రాసు వెళ్ళిపోయింది. దానికి రాజ్యం లేదు, ఖజానా లేదు, కింద విశ్వవిద్యాలయం లేదు. దారుల్ తర్జుమాకి ఇవన్నీ ఉన్నాయి. భాషలో సత్తా ఉంటే సరిపోదు, జీతాలిచ్చేవాడు కూడా ఉండాలన్నది ఇక్కడ తెలుస్తుంది. అలాగని ఉర్దూలో చదివిన తెలుగువాళ్ళకి ఏమీ దక్కలేదనడం కూడా తప్పే. సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో డిగ్రీ చదివి అదే విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. గజల్ ఆయన తెలుగులోకి ఊరికే రాలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. తర్వాత ఉస్మానియా ఇంగ్లీషులోకి మారింది. దారుల్ తర్జుమా కథ ముగిసింది. తెలుగు వంతు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షుడిగా తెలుగు అకాడమి ఏర్పడింది. మళ్ళీ సంఘాలు కూర్చున్నాయి, మళ్ళీ మాటలు తయారయ్యాయి. మనోవిజ్ఞాన శాస్త్రం, సంవేదన, ప్రత్యక్షం, అభ్యసనం, నిబంధనం, పునర్బలనం, కుంఠనం, మూర్తిమత్వం. టీచరు ట్రైనింగు చేసినవాళ్ళకి ఇవి నోటికి వస్తాయి. పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్ళకి ఇంకా బాగా వస్తాయి.

ఈ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. ఒకరి పొడ గిట్టని రెండు భాషాభిమానాలు, యాభై ఏళ్ళ తేడాతో, ఒకే పని చేశాయి. ఉర్దూ సంఘం అరబ్బీ దాకా పైకెక్కింది, తెలుగు సంఘం సంస్కృతం దాకా పైకెక్కింది. కింద బజారు వైపు ఇద్దరూ చూడలేదు.

దీనికి మంచి ఉదాహరణ ఫ్రాయిడ్. ఆయన జర్మన్‌లో మనసుని మూడు భాగాలు చేసినప్పుడు రెండింటికి చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాటలు వాడాడు: 'నేను', 'అది'. మూడోది 'నేను'కి పైన ఉండేది. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళకి ఇవి మరీ చవకగా తోచి లాటిన్‌లోకి మార్చారు, ఈగో, ఇడ్ అని. అక్కణ్ణుంచి ఉర్దూకి వచ్చేసరికి ఈగో 'అనా' అయింది, తెలుగులో 'అహం' అయింది. అరబ్బీలో అనా అన్నా, సంస్కృతంలో అహం అన్నా 'నేను' అనే అర్థం. కాబట్టి అనువాదాలు నిఘంటువు ప్రకారం తప్పు కావు, ఫ్రాయిడ్‌కి ఇంగ్లీషు కంటే దగ్గరగా కూడా ఉన్నాయి. కానీ వాడుకలో? ఉర్దూలో అనా అంటే పొగరు. తెలుగులో అహం అన్నా పొగరే. 'అహం బలంగా ఉన్న మనిషి మానసికంగా ఆరోగ్యవంతుడు' అని పుస్తకంలో ఉంటే, తెలుగు విద్యార్థి దాన్ని తన సొంత భాష మీద నమ్మకం కాసేపు ఆపుకుని చదవాలి.

అచేతనం సంగతీ అంతే. తెలుగులో అచేతనమంటే కదలిక లేనిది, రాయిరప్ప. ఫ్రాయిడ్ చెప్పేది సరిగ్గా దీనికి తలకిందులు. లోపల మనకి తెలియకుండా నిద్రపోకుండా పనిచేసేదాన్ని గురించి ఆయన మాట్లాడుతున్నాడు. ఉర్దూ 'లా-షవూర్' కూడా షవూర్ లేకపోవడమే. మరోపక్క అవధానం చూడండి. ఏకాగ్రతకి సంబంధించిన అధ్యాయానికి ఆ పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. ఎనిమిది వైపుల నుంచి వచ్చే ప్రశ్నల మధ్య పద్యం పూర్తిచేసే అష్టావధాని ప్రతి తెలుగువాడికీ తెలుసు. ధ్యాసని ఎంతవరకు పంచగలం అన్న పాఠం ఆ ఒక్క మాటతో సగం అర్థమైపోతుంది. పరిభాష సంస్కృతంలో ఉండటం దోషం కాదని దీన్నిబట్టి చెప్పొచ్చు. జనం జీవితంలో దానికి కాస్త చోటుండాలి, అంతే.

బి.ఏ. మూడో ఏడు ప్రాజెక్టు కోసం శాలిబండ, లాల్ దర్వాజ వైపు ఇళ్ళకి ఒక ప్రశ్నావళి పట్టుకుని తిరిగాను. ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగులోకి మార్చిన కాగితం అది. ఒక ముసలమ్మని 'మీకు తరచుగా ఆందోళనగా ఉంటుందా?' అని అడిగితే, ఆందోళనలు, ధర్నాలు తనకెందుకని ఎదురడిగింది. సరే, రంది ఉంటుందా అని మార్చాను. ఆమె కాసేపు ఆలోచించి, "రంది గాదు బిడ్డా, బుగులు" అంది. రెండూ ఒకటి కాదా అన్నాను. "రంది అయిపొయినదానికి. బుగులు రాబొయ్యేదానికి" అంది. దుఃఖంలో కుంగిపోవడానికీ, ఏమవుతుందోనని భయపడటానికీ తేడా చెప్పడానికి మా పాఠ్యపుస్తకం రెండు అధ్యాయాలు తీసుకుంది. ఆమెకి రెండు వాక్యాలు చాలాయి.

అప్పట్నుంచి ఇలాంటి మాటలు విన్నప్పుడల్లా రాసుకుంటున్నాను. యాది అంటే జ్ఞాపకం, కానీ ప్రేమతో కూడిన జ్ఞాపకం. పాఠం యాదికి ఉండొచ్చు, చచ్చిపోయిన తండ్రి యాదికి రావడం వేరు. మనాది అంటే లోపల తొలిచే దిగులు. సోయి అంటే స్పృహ, కానీ ఒట్టి మెలకువ కాదు. 'నీకు సోయి ఉన్నదా?' అంటే నువ్వేం చేస్తున్నావో నీకు తెలుస్తోందా అని. షవూర్ అన్న మాట కూడా దక్కనీలో అలాగే వాడతారు, తెలివిడి, మర్యాద తెలిసి ఉండటం అని. చేతన అనే పుస్తకం మాట కంటే సోయి, షవూర్ ఈ రెండే ఒకదానికొకటి దగ్గర. ఒకే గల్లీలో వందల ఏళ్ళు పక్కపక్కన బతికిన మాటలు మరి. చార్మినార్ పక్కనున్న యునానీ దవాఖానాలో చెప్పే మాలీఖూలియా కూడా ఉంది. గ్రీకులో పుట్టి, అరబ్బీ మీదుగా వచ్చిన దిగులు రోగం పేరు. ఇక మా ఖాలా అయితే ఏ మానసిక బాధనైనా ఘబ్రాహట్ అనే అంటుంది, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని.

బజారు మాటలతోనే శాస్త్రం నడవదనే అభ్యంతరం ఉంది. అందులో నిజం ఉంది. పరేషాన్ అనే మాట తీసుకోండి. అప్పు తీరకపోయినా పరేషానే, కరెంటు పోయినా పరేషానే, రాత్రంతా నిద్ర పట్టకుండా గుండె కొట్టుకుంటున్నా పరేషానే. కొలవాలన్నా, పోల్చాలన్నా, మరో ఊరి పరిశోధకుడితో మాట్లాడాలన్నా హద్దులు గీసిన మాట కావాలి. దారుల్ తర్జుమా పండితులూ, అకాడమి పండితులూ పడ్డ శ్రమ అందుకే. వాళ్ళని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. సంఘంలో కూర్చుని ఒక్కో మాట మీద రోజుల తరబడి కొట్లాడినవాళ్ళు, ఆ మాట లేకుండానే ఇంగ్లీషులో చదివేసుకున్న నాకన్నా ఈ భాషలకి ఎక్కువ చేశారు.

కాని శాస్త్రం చదివినవాడికి పనిపడేది మనిషితో. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. రోగికి తన జబ్బు గురించీ చికిత్స గురించీ అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కుందని అందులో రాశారు. అర్థమయ్యే భాష అంటే తెలుగో ఉర్దూనో అనుకుని మనం ఆగిపోతే లాభం లేదు. కుంఠనం తెలుగే, జిబిల్లత్ ఉర్దూనే. శాలిబండ ముసలమ్మకి మొదటిదీ మా ఖాలాకి రెండోదీ ఎంత అర్థమవుతాయో ఇంగ్లీషు మాటా అంతే అర్థమవుతుంది. దర్యాబాదీ 1913లో వాడుక పక్షాన నిలబడి వేసిన ప్రశ్న అందుకే ఇప్పటికీ పాతబడలేదు.

హైదరాబాదులో ఇవాళ ఏటా వందలమంది పిల్లలు డిగ్రీలో సైకాలజీ తీసుకుంటున్నారు. చాలామంది అమ్మాయిలే, చాలామంది ఇళ్ళల్లో తెలుగో దక్కనీయో మాట్లాడేవాళ్ళే. ప్రతివాళ్ళూ మూడో ఏట ఏదో ఒక ప్రాజెక్టు చెయ్యాలి. ఒక్క కాలేజీ, ఒక్క ఏడాది, ఆ ప్రాజెక్టుని మాటల సేకరణకి కేటాయిస్తే చాలు: మీ వీధిలో దిగులుకి, భయానికి, మతిమరుపుకి, కోపానికి ఏమంటారు, ఎప్పుడంటారు, ఏ మాటకీ ఏ మాటకీ తేడా ఏమిటి? దానికి ఖజానా అక్కర్లేదు, ఫర్మానా అక్కర్లేదు. నా దగ్గరున్న నోటుపుస్తకంలో ఇప్పటికి నూటముప్ఫై మాటలున్నాయి. అడిగినవాళ్ళకి ఇస్తాను.